పొగకాడ చోటు

సముద్రం అడుగున ఒక గుంట ఉంది. ఒకప్పుడు అది గుంట కాదు, కొండ. కడుపులోని నిప్పు ఆపుకోలేక ఆ కొండ ఒకసారి పేలింది. లోపలిదంతా కక్కేశాక నడినెత్తికి ఆధారం లేకపోయింది. అది కాస్తా కుప్పకూలి, గంగాళంలా లోతుగా మిగిలిపోయింది.

కొండ పోయినా నిప్పు పోలేదు. గుంట నడుమ ఒక రాతి గొట్టం లేచింది. దానిలోంచి రాత్రీ పగలూ నల్లటి వేడినీళ్ళు పొగలా చిమ్ముతుంటాయి. రాత్రీ పగలూ అన్నది మన మాట. అక్కడికి ఎండ దిగదు కనుక వాళ్ళకి ఆ రెండూ లేవు.

ఎండ లేని చోట పంట పండదని చిన్నప్పుడు మనందరం చదువుకున్నాం. అక్కడ పండుతుంది. ఎలాగంటే, ఆ పొగనీళ్ళలో గంధకం ఉంటుంది. కంటికి ఆనని సన్నటి జీవులు దాన్ని ఆధారం చేసుకుని పెరుగుతాయి. ఆ జీవుల్ని పెంచుకుని తినే పీతలు గొట్టం చుట్టూ కాపురముంటాయి. తెల్లటి పీతలు. చేతుల మీదా గుండెల మీదా వాటికి దట్టంగా నూగు ఉంటుంది. ఆ నూగే వాటి పొలం. వేడినీళ్ళు తగిలేలా చేతులు అటూ ఇటూ ఊపుతూ నిలబడితే నూగు మీద పంట ఎక్కుతుంది. ఆకలేసినప్పుడు నోటితో దువ్వుకు తినడమే.

అంతా బాగానే ఉంది గానీ, చోటే ఇరుకు. గొట్టానికి మరీ దగ్గరకెళితే ఉడికిపోతారు. కాస్త ఎడంగా జరిగితే కొరికేసే చలి. ఈ రెంటికీ నడుమ ఉన్నది సన్నటి పట్టీ. ఊరంతా ఆ పట్టీ మీదే, ఒకరి వీపు మీద ఒకరు. అందువల్ల అక్కడ ఎవరికీ పేర్లు లేవు. ఎవరు ఎక్కడ నిలబడితే అదే పేరు. గట్టు దగ్గర నిలబడినామె గట్టుకాడామె. మెట్ట మీద నిలబడినాయన మెట్టకాడాయన. చోటు వదిలారా, పేరు కూడా పోయినట్టే. పక్కవాళ్ళు వెంటనే జరిగి సర్దుకునేవాళ్ళు. తిరిగొచ్చి అడిగితే, "ఎవరు నువ్వు?" అనేవాళ్ళు.

ఈ కథ పగులుకాడామెది. బయటి చల్లనీళ్ళు సన్నగా లోపలికి వచ్చే ఒక రాతి పగులు పక్కన ఆమె చోటు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా గుడ్లు పడితే అంతా ఒళ్ళు ముడుచుకుని దారి ఇవ్వాలి. గుడ్లామె ఆ దారి వెంట లోపలికి, పొగకాడ పెద్దమ్మ దగ్గరికి పోవాలి. పెద్దమ్మ అందరికంటే గొట్టానికి దగ్గర నిలబడే మనిషి. ఒకవైపు డిప్ప మాడి నల్లబడిపోయింది. ఆ మాడిన మచ్చను చూసి ఊరు దణ్ణం పెట్టేది. వచ్చిన గుడ్లామెను పక్కన నిలబెట్టుకుని ఆవిడ ఒకటే మాట చెప్పేది: "ఇంకాస్త దగ్గరికి రా తల్లీ. వేడి చాల్లేదు."

గుడ్లామె దగ్గరికి జరిగేది. గుడ్లు ముందు పాలిపోయేవి, తర్వాత సున్నపు ముక్కల్లా తెల్లబడేవి, చివరికి పొడిపొడిగా రాలి పొగలో కలిసి పైకి వెళ్ళిపోయేవి. అప్పుడు ఊరంతా చేతులెత్తి ఊపేది. గుడ్లు కరిగి పొగలో కలుస్తాయనీ, పైన ఎక్కడో పిల్లలై మళ్ళీ దిగుతాయనీ వాళ్ళ నమ్మకం. నమ్మకానికి తగ్గట్టే, కొన్నాళ్ళకు బయటి చీకట్లోంచి చిన్న చిన్న పీతపిల్లలు ఊరి అంచుకు వచ్చి చేరేవి. "అదిగో, పొగపిల్లలు దిగాయి!" అనుకునేవాళ్ళు. రాలిన గుడ్లకూ వచ్చిన పిల్లలకూ లెక్క సరిపోయిందని ఎవరి మట్టుకు వాళ్ళు తృప్తిపడేవాళ్ళు.

గుడ్లతో ఉండి కూడా లోపలికి పోకుండా, అప్పుడప్పుడూ ఒకామె బయటికి, చలిలోకి నడిచి వెళ్ళిపోయేది. అలా వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. దాన్ని చలిపిచ్చి అనేవాళ్ళు. దాని ఊసు ఎవరూ ఎక్కువగా ఎత్తేవాళ్ళు కాదు.

పగులుకాడామె మొదటి కాన్పు ఆచారం ప్రకారమే జరిగింది. పెద్దమ్మ పక్కన నిలబడింది. కాళ్ళు కాలుతున్నా జరిగింది. గుడ్లు రాలిపోతుంటే అందరితో పాటు తనూ చేతులు ఊపింది. ఊరు మంచిదై తన చోటు తనకు తిరిగిచ్చింది. ఆచారం పాటించినవాళ్ళకు ఆ మర్యాద ఉండేది.

తర్వాత పొగపిల్లలు దిగినప్పుడు ఆమె అందరికంటే ముందు ఎదురెళ్ళింది. తన పిల్లలు వీటిలో ఏవో అని ఒక్కొక్కదాన్నీ తడిమింది. తడిమి, ఆగిపోయింది.

"వదినా, ఒకసారి ఇలా చెయ్యి వెయ్యి," అంది గట్టుకాడామెతో. ఇద్దరివీ పక్కపక్క చోట్లు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ పోట్లాటా పలకరింపూ అన్నీ వాళ్ళిద్దరికీ ఒకరితో ఒకరికే.

"ఏముంది, పిల్ల. నీకంటే ముద్దుగానే ఉంది."

"చల్లగా లేదూ?"

"చల్లగా ఉంటే వేడెక్కుతుంది. వచ్చిందిగా వేడి దగ్గరికి."

"పొగలోంచి దిగిన పిల్ల గుండె దాకా ఇంత చల్లగా ఎందుకుంటుంది వదినా?"

"అమ్మా తల్లీ," అంది గట్టుకాడామె, "పిల్ల దిగిందని సంతోషించక, ఒంటి వేడి చూస్తావేమే? నువ్వేమన్నా వైద్యురాలివా?"

మెట్టకాడాయన పక్క నుంచి అందుకున్నాడు. "ఆ పిల్లని వదిలెయ్యమను వదినా. తడిమి తడిమి ఉన్న నాలుగు నూగు వెంట్రుకలూ ఊడగొట్టేలా ఉంది."

అంతా నవ్వారు. పగులుకాడామె కూడా నవ్వింది. కానీ ఆ చల్లదనం మాత్రం ఆమె చేతికి అంటుకుని ఉండిపోయింది.

రెండోసారి గుడ్లు పడ్డప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. తోక కింద దాచుకుని పగులుకు ఆనుకుని నిలబడింది. అలా దాచినందువల్ల ఒక విషయం ఆమె కళ్ళబడింది. గుడ్ల గుత్తిలో గొట్టం వైపున్నవి పాలిపోతున్నాయి. పగులులోంచి బయటి చల్లనీళ్ళు వస్తాయి కదా, ఆ వైపున్న గుడ్లలో మాత్రం నల్లటి చుక్కలు కనిపించాయి. మర్నాటికి, అంటే మన లెక్కలో మర్నాటికి, ఆ చుక్కలు కదిలాయి. అవి కళ్ళు.

ఆమె పాఠం చదువుకునే పిల్లలా మెల్లగా ఆలోచించింది. ఒకే తల్లి, ఒకే గుత్తి. తేడా అల్లా వేడికి ఎటున్నాయన్నదే. కావాలనే గుత్తిని పగులు వైపుకు తిప్పి నిలబడి చూసింది. పాలిపోవడం ఆగింది. గొట్టం వైపుకు తిప్పితే మళ్ళీ మొదలైంది. ఇక చూడాల్సిందేమీ మిగల్లేదు.

చూడాల్సింది మిగలకపోయినా, చెయ్యాల్సింది మిగిలింది. చలిలోకి పోతే చోటు పోతుంది, పేరు పోతుంది. వేడినీళ్ళు తగలకపోతే నూగు మీద పంట చస్తుంది. పంట చస్తే తిండి లేదు. ఇక్కడే ఉంటే గుడ్లు చస్తాయి. మధ్యేమార్గం కోసం ఆమె వెతక్కపోలేదు. ఆ ఊళ్ళో మధ్యనున్న పట్టీ అంతా నిండిపోయి ఉంది.

ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది. గట్టుకాడామె చటుక్కున ఇటు తిరిగింది.

"ఎటే?"

"అలా వెళ్ళొస్తా."

"తోక కింద ఏమిటది?" గట్టుకాడామె గొంతు మారింది. "గుడ్లు! గుడ్లు పెట్టుకుని ఎటు పోతున్నావే? లోపలికి పద. నేను దారి ఇప్పిస్తాను."

"లోపల చచ్చిపోతున్నాయి వదినా. బయట బతుకుతాయి."

"పట్టింది," అంది గట్టుకాడామె, ఎవరితోనో అన్నట్టు. "దీనికీ పట్టింది చలిపిచ్చి." తర్వాత మెల్లగా, ఆమెకొక్కదానికే వినపడేంతగా, "నేను నీ చోటు కాసేపే ఆపగలను. ఆ తర్వాత నా వల్ల కాదు. తెలుసుగా," అంది.

గట్టుకాడామె అవతల మలుపు దగ్గర ఒక చిన్నది నిలబడేది. మలుపుకాడ పిల్ల అనేవాళ్ళు. ఈడుకొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఆ పిల్ల తల ఎత్తి, "అక్కా, చలి నొప్పెడుతుందా?" అని అడిగింది.

"తెలీదమ్మా. చూసొచ్చి చెబుతా," అంది పగులుకాడామె. ఊరికే నోటికొచ్చిన మాట అది. అక్కడ తిరిగొచ్చి ఏదైనా చెప్పినవాళ్ళు లేరు.

చలి నొప్పెడుతుంది. మొదట కాళ్ళ కీళ్ళు బిగిశాయి. తర్వాత నూగు మీది పంట బూడిదరంగుకు తిరిగింది. తర్వాత నూగుతో సహా ముద్దలు ముద్దలుగా ఊడి, కెరటం లేని ఆ నీళ్ళలో వెనక్కి తేలుతూ పోయింది. ఆమె తోక ముడుచుకుని నడిచింది. కడుపు కింద మాత్రం గుడ్లు ఒకదాని తర్వాత ఒకటి కళ్ళు తెరుస్తున్నాయి.

గుంట అంచు దగ్గర నేల చదునుగా ఉంది. అక్కడ తెల్లటి డిప్పలు పరుచుకుని ఉన్నాయి. ఖాళీ డిప్పలు. వాటి నడుమ ఒక నక్షత్రచేప చేతులు చాపుకుని తీరిగ్గా పడుకుని ఉంది.

"రా," అంది నక్షత్రచేప. "ఎక్కడైనా కూర్చో. అన్నీ మంచి చోట్లే. తోసేవాళ్ళు లేరు."

"ఇవెవరివి?" అంది ఆమె డిప్పల్ని చూస్తూ.

"మీవాళ్ళవే. మీ ఊరి తల్లులవి."

"నువ్వు తిన్నావా వీళ్ళని?"

"తిన్నాను. బతికుండగా కాదు. నేను ఆగే రకాన్ని." నక్షత్రచేప ఒక చెయ్యి బద్ధకంగా మడిచింది. "వస్తారు. పిల్లల్ని వదులుతారు. కాసేపు అలుపు తీర్చుకుందామని కూర్చుంటారు. తర్వాత లేవరు. ఇందులో నేను చేసేదేమీ లేదు."

"పిల్లలు బతుకుతాయా?"

"బతక్కపోతే మీ ఊరు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు?"

ఆమె డిప్పల మధ్యనే నిలబడి తోక విప్పింది. పిల్లలు ఒక్కసారిగా రాలేదు. ఒకటి వచ్చి, తల్లి కాలు పట్టుకుని వేలాడి, వదిలేసింది. ఆ తర్వాత మిగతావి పొట్టు ఎగిరినట్టు గుప్పున లేచాయి. ఆవగింజంత పిల్లలు. చల్లటి నీళ్ళలో వంకర టింకరగా ఈదుకుంటూ పైకి, చీకట్లోకి వెళ్ళిపోయాయి. వేడికి చిక్కకుండా ఎక్కడో పెరిగి, నూగు మొలిచే ఈడుకి వేడిని వెతుక్కుంటూ నేలకి దిగుతాయి. అంటే ఆమె ఒకప్పుడు చేసిన ప్రయాణమే. ఆమెకది గుర్తు లేదు. మనలో మాత్రం పుట్టిన రోజు ఎవరికి గుర్తుంటుంది?

కడుపు కింద ఖాళీ అయ్యాక హాయిగా అనిపించింది. కూర్చోవాలనిపించింది. కాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి.

"అంతే," అంది నక్షత్రచేప అనునయంగా. "అలా."

అప్పుడు ఆమెకు మలుపుకాడ పిల్ల గుర్తొచ్చింది. తను వచ్చేటప్పుడే దాని తోక బరువుగా, నేలకు దిగి ఉంది. ఈపాటికి గుడ్లు పడే ఉంటాయి. దారి ఇచ్చే ఉంటారు. పెద్దమ్మ పక్కన నిలబడి, ఇంకాస్త దగ్గరికి జరుగుతూ ఉండి ఉంటుంది.

ఆమె ఒక కాలు విప్పింది. తర్వాత రెండోది.

"ఎటు?" నక్షత్రచేప మొదటిసారి తల ఎత్తింది. తల అంటూ దానికి లేదు గానీ, ఎత్తినట్టే అనిపించింది. "ఇంతమందిలో వెనక్కి వెళ్ళిన వాళ్ళు లేరు. ఎందుకు వెళ్ళాలి? నీ చోటు ఉంటుందా? తిండి ఉంటుందా?"

"ఉండవు."

"మరి?"

"ఒకళ్ళకి చెబుతానన్నాను."

"బాగుంది వరస," అంది నక్షత్రచేప నిట్టూర్చి. "నా అన్నం లేచి నడుచుకుంటూ పోతోంది."

ఆమె ఊరికి తిరిగొచ్చేసరికి ఒంటి మీద నూగు లేదు. బోడి చేతులు, బోడి గుండె. ఊరి అంచున నిలబడినవాళ్ళు ఎగాదిగా చూశారు.

"ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?" అన్నాడు మెట్టకాడాయన.

"పగులుకాడ దాన్ని."

"పగులుకాడ వేరే ఆమె ఉంది. నీకంటే ఒత్తుగా ఉంది." అంతా నవ్వారు. ఆయన ఊపందుకున్నాడు. "దువ్వుకోవడం ఎక్కువైనట్టుంది తల్లీ, పొలమంతా ఊడ్చేశావు."

గట్టుకాడామె మాత్రం నవ్వలేదు. గుర్తుపట్టింది. గుర్తుపట్టి, అటు తిరిగిపోయింది.

"మన పిల్లలు చలిలో పుడతాయి," అంది ఆమె గట్టిగా. "పొగలోంచి కాదు. నేను చూసొచ్చాను. లోపల రాలిపోయేవి మళ్ళీ రావు. చచ్చిపోతున్నాయి."

ఒక్క క్షణం ఎవరి చేతులూ ఊగలేదు. తర్వాత ఎవరో, "పాపం, చలి తలకెక్కింది," అన్నారు. ఇంకెవరో, "నా గుడ్లు చచ్చిపోయాయంటుందే! ఎంత మాట!" అని ఏడుపందుకున్నారు. ఆ ఏడుపు విన్నాక ఇక ఎవరికీ ఆమె మాట వినే ఓపిక లేకపోయింది. నిజం అబద్ధం సంగతి అలా ఉంచండి. రాలిన ప్రతి గుత్తికీ అక్కడ ఒక తల్లి నిలబడి ఉంది.

అటు చూస్తే మలుపు ఖాళీ లేదు, వేరే ఎవరో ఉన్నారు. పిల్ల లోపలే ఉంది. ఆమె ఒంటి మీద నూగు లేకపోవడం వల్ల సన్నబడి, ఇరుకు సందుల్లోంచి దూరింది. తిట్లు తింటూ, తోపులు తింటూ పొగ దాకా వచ్చింది.

పెద్దమ్మ నిలబడి ఉంది. పక్కన మలుపుకాడ పిల్ల. దాని తోక కింద గుత్తి అంచు అప్పుడే పాలిపోవడం మొదలైంది. వేడికి పిల్ల కళ్ళు మూసుకుని ఉంది.

"మళ్ళీ చెప్పు," అంది పెద్దమ్మ. అంత దూరం నుంచీ ఆవిడ విన్నది.

"పిల్లలు చలిలో పుడతాయి పెద్దమ్మా."

పెద్దమ్మ ఆమె వైపు తిరిగింది. మాడిన డిప్ప మీద నుంచి నల్లటి మసి జారింది. తర్వాత అడిగింది.

"కదిలాయా?"

"ఆ?"

"గుడ్డులో. లోపల. కదలడం చూశావా?"

"చూశాను పెద్దమ్మా. కళ్ళు కదిలాయి. తర్వాత ఈదుకుంటూ వెళ్ళిపోయాయి. ఒకటి నా కాలు పట్టుకుంది కాసేపు."

పెద్దమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఎన్నో తరాల గుడ్లామెల్ని నిలబెట్టిన నేల అది. తర్వాత ఆవిడ ఎన్నడూ చెయ్యని పని చేసింది. పక్కకి జరిగింది.

"ఇలా వచ్చి నిలబడు," అంది. "ఒంటి మీద కాస్త పంట ఎక్కనీ. చెబితే వినరు. నాకు తెలుసు. నేను చెప్పింది మాత్రమే వింటారు, నేను ఏళ్ళ తరబడి ఒకటే చెప్పాను."

"మీరే చెప్పండి పెద్దమ్మా. ఇన్నాళ్ళూ మీరు చెప్పింది తప్పని చెప్పండి."

"ఆ మాట చెప్పడం నేను నేర్చుకోలేదమ్మా," అంది పెద్దమ్మ. అని, అందరి మధ్య నుంచి బయటికి నడిచింది. ఊరు దణ్ణాలు పెడుతూ దారి ఇచ్చింది, ఎటు పోతోందో అడగలేదు. కడుపు కింద ఒక్క గుడ్డూ లేకుండా ఆవిడ చలి వైపు వెళ్ళింది. అది ఒక్క బోడి పీత మాత్రమే చూసింది.

మలుపుకాడ పిల్ల కళ్ళు తెరిచింది. "అక్కా! వచ్చావా? చలి నొప్పెడుతుందా?"

"పెడుతుంది."

"అయితే నేను ఇక్కడే ఉంటా. ఇంకాస్త దగ్గరికి జరగనా?"

నచ్చజెప్పడానికి సమయం లేదు. గుత్తిలో ఇంకో వరస పాలిపోతోంది. ఆమె రెండు బోడి చేతులూ పిల్ల గుండె మీద పెట్టి తోసింది. పిల్ల వెనక్కి తూలింది. ఏదో ఆట అనుకుని మళ్ళీ ముందుకొచ్చింది. ఆమె ఈసారి గట్టిగా తోసింది. డిప్ప అంచు చిట్లింది.

"పో! ఇది నా చోటు. పో అవతలికి!"

"అక్కా..."

"ఎవరే నీకు అక్క? గుడ్లు వేసుకుని ఇటు వచ్చావంటే కాళ్ళు విరిచేస్తా. వేడికి వచ్చింది మహారాణి! పో, ఆ చలిలో పడి ఉండు!"

ఊరు నిర్ఘాంతపోయింది. గుడ్లామెను తోసిన పీతను వాళ్ళు ఎన్నడూ చూడలేదు. కానీ పొగకాడ నిలబడినవాళ్ళ మీద చెయ్యి వెయ్యడం కూడా వాళ్ళకు అలవాటు లేదు. ఆ పిల్లను ఎవరైనా పక్కన నిలబెట్టుకోవచ్చు. అయితే నిలబెట్టుకోవడానికి ఎవరి దగ్గరా చోటు లేదు. ఆచారం పూర్తి కాలేదు కనుక మలుపూ తిరిగి ఇవ్వరు. పిల్ల అందరి ముఖాలూ చూసింది. అవమానంతో ఏడుస్తూ, ఊరి బయటికి, చీకట్లోకి పరిగెత్తింది. గుడ్లు కూడా దాంతోపాటే వెళ్ళాయి.

పిల్ల తిరిగి రాలేదు.

ఆ తర్వాత లోపలికి వచ్చిన ప్రతి గుడ్లామెదీ ఇదే గతి. మంచిగా అడిగినా తోసేది, ఏడ్చినా తోసేది. పెద్దమ్మ చోటు కాజేసిందన్నారు. తనకు పిల్లలు దక్కలేదు కాబట్టి పక్కవాళ్ళ కడుపు చూసి ఓర్వలేదన్నారు. ఆమె ఒంటి మీద మళ్ళీ నూగు మొలిచి పంట తెల్లగా ఎక్కింది. ఒకవైపు డిప్ప మాడి నల్లబడింది. ఆ మచ్చకు ఎవరూ దణ్ణం పెట్టలేదు. వెళ్ళినవాళ్ళ పేరు, అంటే వెళ్ళినవాళ్ళ చోటు, ఆమెకొక్కదానికే గుర్తుండేది. వాళ్ళలో ఎవరైనా లేచి తిరిగొస్తారేమోనని ఊరి అంచు వైపు చూసేది. ఎవరూ రాలేదు.

పిల్లలు మాత్రం వచ్చాయి. ఊరు మునుపెన్నడూ చూడనంతమంది. చల్లటి ఒంటితో, చీకట్లోంచి, గుంపులు గుంపులుగా. గట్టుకాడామె వాటిని దగ్గరకు తీసుకుని, అందరూ పిల్లలకు చెప్పేదే చెప్పింది.

"మీరంతా పొగలోంచి దిగారమ్మా. ఆ గొట్టమే మీ తల్లి. అదిగో, దాని పక్కన నిలబడిందే, ఆ మాడు మొహంది, దాని దగ్గరికి మాత్రం వెళ్ళకండి. తల్లుల్ని చలిలోకి తరిమేస్తుంది."

"ఎందుకు తరిమేస్తుంది?" అంది ఒక పిల్ల.

గట్టుకాడామె నోరు తెరిచింది. పొగ వైపు చూసింది. 

"ఏమో," అంది చివరికి. "చోటు మీద ఆశేమో."

ఆ పిల్ల అటు తొంగిచూసింది. పొగలో నిలబడినామె తనవంక చూసి నవ్విందో, కసిరిందో తెలియలేదు. ఎవరు తరిమినా ఆచారం ఆచారమే కనుక, అంతలో ఊరంతా ఒళ్ళు ముడుచుకుని దారి ఇస్తోంది. కొత్తగా గుడ్లు పడ్డ ఒకామె తోక కింద గుత్తిని భద్రంగా పట్టుకుని, మొహమంతా సంతోషంతో, మెల్లగా లోపలికి నడిచి వస్తోంది.

పొగకాడామె కాళ్ళు నేలకు తన్నిపెట్టి, చేతులు రెండూ ముందుకు చాచింది.